బంకర్‌లో కానుగాకు

మొన్న శుక్రవారం మా ఆఫీసువాళ్లు గోల్ఫ్ నేర్పిస్తామని మమ్మల్నందరినీ బస్సెక్కించారు. పని చేయించుకోవడం చాలక సరదా కూడా దగ్గరుండి చేయించాలన్న పట్టుదల మా కంపెనీకి ఈమధ్య బాగా ఎక్కువైంది. పోయినసారి కుండలు చేయించారు, అంతకుముందు డప్పులు కొట్టించారు. మోకాళ్ల నొప్పులని చెప్పి తప్పించుకోబోయాను గానీ, ఊరికే కూర్చుని చూసినా చాలు, హాజరు మాత్రం పడాలన్నాడు మా టీమ్ లీడ్. నేను రాసేవాటిలో కథలు కొన్నే, కంపెనీ కోసం రాసే మాన్యువల్సే ఎక్కువ. ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో ఎదుటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం నా ఉద్యోగం. అలాంటిదాన్ని, ఆ బస్సు ఎక్కడికి పోతోందో అడగాలని తోచలేదు. గచ్చిబౌలి దాటి గోపన్‌పల్లి వైపు తిరిగాక గానీ తెలియలేదు. ఆ రోడ్డు మీదికి నేను వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. లింగంపల్లిలో రైలెక్కాల్సి వచ్చినా చుట్టూ తిరిగి పోతాను. ఎందుకని ఎవరైనా అడిగితే ట్రాఫిక్ అంటాను, హైదరాబాదులో ఆ మాటకు ఎదురు ప్రశ్న ఉండదు.

గోల్ఫ్ క్లబ్బు గేటు మారింది, లోపలి మనుషులు మారారు. మాకు నేర్పించడానికి తెల్ల టోపీ పెట్టుకుని వచ్చిన కోచ్ మాత్రం నన్ను చూడగానే ఆగిపోయింది. ఆమె నవ్వాక గానీ నాకు గుర్తు రాలేదు. గ్రేస్. ఒకప్పుడు ఇదే క్లబ్బులో వంట చేసిన మరియమ్మగారి కూతురు, నా ఈడుదే. "ఈశ్వరీ, నువ్వేనా" అని చెయ్యి పట్టుకుంది. ఆమె పాఠంలోకి దిగింది, నేను వెనక వరసలోకి పోయాను.

మమ్మల్ని ఒక బంకర్ అంచున నిలబెట్టింది. బంకర్ అంటే ఇంకేమీ కాదు, జెండా ఉన్న నున్నటి పచ్చిక పక్కన కావాలని తవ్వి ఇసుక నింపిన గుంట. బంతి అందులో పడితే ఆడేవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది. కొట్టబోయే ముందు బంతి దగ్గర స్టిక్ ఇసుకకు తగలకూడదు. ఉత్తుత్తిగా ఊపి చూసుకునేటప్పుడు కూడా తగలకూడదు. ఇసుక మెత్తగా ఉందా గట్టిగా ఉందా అని చేత్తో చూడకూడదు. తప్పితే రెండు షాట్లు లెక్కలో కలుపుతారు. ఎన్ని తక్కువ షాట్లలో ముగిస్తే అంత గొప్ప అయిన ఆటలో రెండంటే చిన్న శిక్ష కాదు. ఇదంతా నాకు పదిహేడేళ్లకే కంఠతా వచ్చు కాబట్టి దూరంగా కనిపిస్తున్న అపార్ట్‌మెంట్ల అంతస్తులు లెక్కపెడుతూ నిలబడ్డాను. అప్పుడంది గ్రేస్, నావైపు చూడకుండా: "ఇదివరకు బంకర్‌లో ఆకు తీసినా, పుల్ల తీసినా రెండు షాట్లు పడేవి. ఇప్పుడు ఆ రూల్ తీసేశారు. బంతి కదలకుండా చూసుకుని తీసేసుకోవచ్చు." ఇంకోటి కూడా చెప్పింది. షాట్ సరిగా రాలేదన్న కోపంతో స్టిక్కుతో ఇసుకను బాదినా ఇప్పుడు శిక్ష లేదట. ఇలాంటి రూలు ఆఫీసులో కూడా పెట్టాలని మావాళ్లంతా నవ్వారు. ఎప్పుడు మార్చారని నేనడిగాను. చాలా ఏళ్లయిందంది. ఇన్నేళ్లుగా అది తప్పు కాకుండా పోతే నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి ఒక్కడే, ఆయన మా ఇంట్లోనే ఉంటాడు.

మా నాయన పేరు ఓబులేసు. క్లబ్బులో బంకర్ ఓబులేసు అంటేనే తెలుస్తుంది. అనంతపురం జిల్లాలో మాకున్న నాలుగెకరాల్లో శనక్కాయ మూడేళ్లు వరసగా ఎండిపోతే, ఇక్కడికి రాళ్లు కొట్టే పనికి వచ్చాడు. గోపన్‌పల్లి పక్క గుట్టలు పగలగొట్టి మైదానం వేస్తున్న రోజులవి. గుంటల్లో ఇసుక పోసి చదును చేయమన్నారట. ఊళ్లో చేను చదును చేస్తూ గుంటక తోలిన చెయ్యి కదా, ఇనప పళ్లున్న రేక్ పట్టుకుని గీతలు తిన్నగా లాగేసరికి మిగతా కూలీలను పంపేసి ఆయన్ను ఉంచుకున్నారు. సగం బంకర్లు ఆయన చూసేవాడు, సగం యాదమ్మ చూసేది. ఆమెది ఆ ఊరే, మైదానం కింద పోయిన పొలాల్లో వాళ్లదీ ఒకటి. నా పొలంల నేనే ఇసుక గీకుతున్న అని రోజుకొకసారైనా అనేది, అని మళ్లీ గీకేది.

మేముండింది రేకుల కప్పున్న ఒంటిగది. నాలుగున్నరకల్లా అమ్మ స్టవ్‌కు పంపు కొట్టే చప్పుడుతో మెలకువ వచ్చేది. మొదట కిరోసిన్ వాసన, తర్వాత అల్లం టీ వాసన, ఆ తర్వాత చట్నీకి వేయించే శనక్కాయల వాసన. నాయన టీ తాగి, ముందురోజు మిగిలిన సంగటి ముద్ద మజ్జిగలో పిసుక్కుని తాగి బయల్దేరేవాడు. మెంబర్లు వచ్చేసరికి ఇసుక మీద ఒక్క అడుగు కూడా ఉండకూడదు. తిరిగొచ్చేటప్పుడు ఆయన ప్యాంటు మడతల్లో పిడికెడు ఇసుక ఉండేది. గడప బయట దులుపుకోమని అమ్మ నెత్తీ నోరూ కొట్టుకునేది. ఎంత దులిపినా పక్కబట్టల్లో ఇసుక, బియ్యంలో ఇసుక, నా నోటు పుస్తకం కుట్లలో ఇసుక. అన్నం తింటుండగా పంటికింద రవ్వ పడితే అమ్మ నమలడం ఆపి నాయన వైపు చూసేది, ఆయన తలొంచుకుని తింటుండేవాడు. ఇంటికొచ్చినా ఆ పని ఆయన్ను వదిలేది కాదు. ఆదివారం వాకిలి ఊడ్చాడంటే తన అడుగులు తానే చెరుపుకుంటూ వెనక్కి నడిచేవాడు. అట్లా ఊడ్చుకుంటూ వీధిలోకి పోయి నిలబడి, తొక్కకుండా లోపలికి ఎట్లా రావాలో తెలియక అమ్మను కేకేసేవాడు. తొక్కుకుంటూ రా, ఇదేమన్నా నీ క్లబ్బా అనేది అమ్మ.

సెలవుల్లో నేనూ వెంట పోయేదాన్ని. నా పని ఆకులేరడం. మైదానం అంచు పొడుగునా కానుగ చెట్లు ఉండేవి, ఏడాదిలో సగం రోజులు రాల్చడమే వాటి పని. రేక్ లాగకముందే ఆకులన్నీ ఏరేయాలి, ఒక్కటి మిగిలినా పళ్లలో ఇరుక్కుని గీతలన్నీ పాడవుతాయి. ఎక్కడైనా నేను ఒకటి వదిలేస్తే నాయన తిట్టేవాడు కాదు. ఆ ఆకు దగ్గరికి పోయి నిలబడేవాడు. నేను చూసేదాకా, వచ్చి తీసేదాకా అక్కణ్ణించి కదిలేవాడు కాదు. తిట్టినా బాగుండేదని ఎన్నిసార్లు ఏడుపొచ్చిందో. అట్లా ఏడెనిమిదేళ్లు ఏరాను. చివరికి ఇసుక మీద ఆకు కనిపిస్తే చాలు, నా చెయ్యి నన్నడక్కుండానే పోయేది. ఇప్పటికీ ఎవరింటికైనా వెళితే వాళ్ల సోఫా మీద దారప్పోగులు ఏరుతూ కూర్చుంటాను, వాళ్లు ఏమనుకుంటున్నారో తర్వాత గుర్తొస్తుంది.

సోమవారం మైదానానికి సెలవు. ఆ రోజు పనివాళ్ల పిల్లలు ఆడుకుంటే ఎవరూ ఏమనేవాళ్లు కాదు. మెంబర్లు పారేసిన స్టిక్కులు ఉండేవి, చెరువులోంచి తీసిన బంతులు ఉండేవి. గ్రేస్ పచ్చిక మీద నాకంటే చాలా బాగా ఆడేది. బంకర్‌లో మాత్రం నన్ను కొట్టేవాళ్లు లేరు. ఏ గుంటలో ఇసుక లోతు, ఎక్కడ అడుగున తడి, నా పాదాలకు తెలుసు. అప్పట్లోనే ఎవరో మెంబరు పడేసిన రూల్స్ పుస్తకం ఒకటి నాయనకు దొరికింది, అరచేయంత పుస్తకం, అంతా ఇంగ్లీషు. ఆయన చదివింది ఐదో తరగతి. బంకర్ గురించిన పేజీలు నాచేత చదివించుకుని తెలుగులో చెప్పించుకునేవాడు. సంగటి తింటూ ప్రశ్నలు వేసేవాడు. బాల్ రేక్‌కు ఆనుకుని ఆగితే? రేక్ తీయొచ్చు, బాల్ కదిలితే మళ్లీ అక్కడే పెట్టాలి, శిక్ష లేదు. ఆకుంటే? ముట్టుకోకూడదు. నాలాంటి పనోడు తనంతట తాను తీస్తే? ఆడేవాళ్లు అడక్కుండా వేరేవాళ్లు తీస్తే ఆడేవాళ్ల తప్పు కాదు. ఆయన తల ఊపేవాడు. చివరికి అంతా కలిపి తనకు గుర్తుండేట్టు ఒక ముక్క చేసుకున్నాడు: బాల్ ఇసుకలో ఉండేవరకు చేతులు ఎనక్కి. ఆ పుస్తకం ఆయనకు చదివి వినిపించింది నేనే. ఆ సంగతి తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా క్లబ్బు పనివాళ్ల పిల్లలకు పోటీ పెట్టింది. తొమ్మిది హోల్స్ ఆడాలి, అంటే తొమ్మిది జెండాల దగ్గరి గుంతల్లో వరసగా బంతి వేయాలి. గెలిచిన ఒక్కరికి క్లబ్బు ఖర్చుతో కోచింగ్, పై పోటీలకు పంపడం, స్పోర్ట్స్ కోటాలో మంచి కాలేజీలో డిగ్రీ సీటుకు ఉత్తరం. నా మార్కులకు ఆ కాలేజీ గేటు కూడా తెరుచుకోదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పొద్దున అమ్మ ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీలు కూడా వేసింది, మా ఇంట్లో అది పండగ లెక్క. నాయన మాత్రం రోజూలాగే సంగటి తాగి పనికి పోయాడు. పోటీ రోజైనా బంకర్లు బంకర్లే.

ఎనిమిది హోల్స్ అయ్యేసరికి నేను గ్రేస్ కంటే ఒక్క షాట్ ముందున్నాను. ఆఖరి హోల్‌లో ఆమె బంతి పచ్చిక మీద ఆగింది, నాది ఎడమవైపు బంకర్‌లో పడింది. అది నాయన బంకరే. మేం అక్కడికి నడుచుకుంటూ చేరేసరికి ఆయన రేక్ పట్టుకుని అంచున నిలబడి ఉన్నాడు, నేను ఆడాక నా అడుగులు చెరపడానికి. గుంటలోకి దిగాను. ఇసుక పొడిగా, నాకు కావాల్సినట్టే ఉంది. స్టిక్ ఇసుకకు తగలకుండా పైకి లేపి పట్టుకుని బలంగా కొట్టాను. బంతి ఇసుకతో పాటు లేచి, జెండాకు రెండడుగుల దూరంలో పడి ఆగింది. ఆటల వ్యవహారాలు చూసే కెప్టెన్‌గారు చప్పట్లు కొట్టారు. యాదమ్మ ఎక్కడో చెట్టు కిందనుంచి ఈల వేసింది. ఇంకో చిన్న షాట్‌తో నేను ముగించాను, గ్రేస్‌కూ ఆ హోల్‌లో అన్నే షాట్లయ్యాయి. గెలిచాను. అట్లా గెలిచి ఉన్నది ఎంతసేపో నాకు తెలియదు, కెప్టెన్‌గారి టేబుల్ దగ్గరికి పోయి షాట్ల లెక్క రాసిన కార్డు మీద సంతకం పెట్టబోయేదాకా.

నాయన రేక్ పక్కన ఆనించి, చెప్పులు విడిచి, టేబుల్ దగ్గరికి వచ్చాడు. "సార్, మా పాప ఇసుకలో ఆకు తీసింది. బాల్ ఉండంగానే" అన్నాడు.

కెప్టెన్‌గారికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇబ్బందిగా అటూ ఇటూ చూశారు. ఎవరూ చూడలేదు కదా, పిల్లల ఆట, వదిలేయమన్నారు. "నేను చూసినా గదా సార్" అన్నాడు నాయన. అప్పుడు కెప్టెన్‌గారు నన్ను అడిగారు. లేదని చెప్పడానికి నోరు తెరిచాను, నిజంగానే నాకేమీ గుర్తులేదు. గుర్తులేకుండానే చెయ్యి పంజాబీ డ్రెస్ జేబులోకి పోయింది. కానుగాకు వేళ్లకు తగిలింది, పచ్చగా, ఇంకా వాడలేదు. సంచీ లేనప్పుడు ఏరిన ఆకులు జేబులో వేసుకోవడం నాకలవాటు. రెండు షాట్లు కలిపారు. ఒక్క షాట్ తేడాతో గ్రేస్ గెలిచింది. గ్రేస్ కూడా ఏడ్చింది, అది నాకు ఇంకా కోపం తెప్పించింది. యాదమ్మ నాయనకు ఎదురుపోయి నిలబడింది. "నీ బిడ్డకే గిట్ల చేస్తవా అన్నా? గా ఒక్క ఆకుకు పిల్ల బతుకు పోవాల్నా?" అంది. ఆయన పోయి, నా అడుగులున్న బంకర్‌లోకి దిగి రేక్ లాగడం మొదలుపెట్టాడు.

అమ్మ ఆయనతో నెలరోజులు మాట్లాడలేదు. వడ్డించేది, గిన్నె చప్పుడయ్యేలా కింద పెట్టేది. తర్వాత మాటలు కలిశాయి గానీ ఆ సంగతి మాత్రం చివరిదాకా వదల్లేదు. బయటివాళ్లకైతే అడగకముందే చేసిపెడతాడు, ఇంట్లోవాళ్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం రూల్స్ గుర్తొస్తాయి అనేది. నాలుగేళ్ల కింద పోయేముందు దవాఖానలో కూడా ఒకసారి అంది. పోటీ అయిన ఏడాదే మేం గోపన్‌పల్లి వదిలి వేరే బస్తీకి మారాం, నాయన అక్కణ్ణించే పనికి వెళ్లొచ్చేవాడు. నేను దొరికిన కాలేజీలో దొరికిన డిగ్రీ చేసి, కాల్ సెంటర్ క్యాబుల్లో నాలుగేళ్లు తిరిగి, ఒక్కో మెట్టూ ఎక్కి ఈ మాన్యువల్స్ ఉద్యోగానికి వచ్చాను. బతుకు పోలేదు, యాదమ్మ మాట నిజం కాలేదు. కానీ స్టిక్ మళ్లీ పట్టుకోలేదు, ఆయన్ను ఎందుకని అడగనూ లేదు. అడిగితే రూలు చెప్తాడు, అది నేను చదివి చెప్పిన రూలే అవుతుంది.

ఇప్పుడు మేం మణికొండలో తొమ్మిదో అంతస్తులో ఉంటున్నాం. గోపన్‌పల్లిలో మా రేకుల గది ఉన్నచోట ఏముందో బస్సులోంచి చూద్దామనుకున్నాను, ఆ సందే కనపడలేదు. మా ఇంట్లో గచ్చు అద్దంలా ఉంటుంది, పంటికింద పడటానికి రవ్వంత ఇసుక ఉండదు. అయినా భోంచేస్తూ నమలడం ఆపి ఆయన వైపు చూస్తూనే ఉంటాను, అచ్చం అమ్మలాగే. ఆయన తలొంచుకుని తింటూనే ఉంటాడు. ఒకప్పుడు అందరికీ కష్టంగా ఉన్నవి ఇప్పుడు సులువైనందుకు సంతోషించాలని నాకూ తెలుసు. నా ఉద్యోగమే అది. కంపెనీ ఏదైనా మార్చగానే మాన్యువల్‌లో పాత వాక్యం కొట్టేసి కొత్తది రాస్తాను. పాత వాక్యాన్ని నమ్మి నడుచుకున్నవాళ్ల సంగతేమిటని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అనుకోలేదు. శుక్రవారం తిరుగు ప్రయాణంలో, మావాళ్లంతా పాటలు పాడుతుంటే, నేను కిటికీ పక్కన కూర్చుని పళ్లు నూరుకుంటూ అదే అనుకున్నాను.

మర్నాడు పొద్దున నాయన బాల్కనీలో కుండీల దగ్గర పీట మీద కూర్చుని ఉన్నాడు. రిటైరైనప్పటి నుంచి ఆ ఆరు కుండీలే ఆయన మైదానం. రాలిన ఆకులు ఏరి కవర్లో వేసుకుంటున్నాడు. కాఫీ ఇచ్చి, నిలబడే చెప్పాను, బంకర్‌లో ఆకు ఇప్పుడు తీయొచ్చంట అని.

"తెలుసు" అన్నాడు. "నేను పనిలో ఉండంగానే మార్చినారు."

నాకు ఒళ్లు తెలియలేదు. తెలిసి ఇన్నేళ్లు నోరు మూసుకుని కూర్చున్నావా అన్నాను. అమ్మ బతికుండగా ఆమెకైనా చెప్పకూడదా అన్నాను. చెప్తే ఏమొస్తుంది, ఆ పొద్దు అది తప్పే కదా అన్నాడు. జీవితంలో ఒక్కసారి, ఒక్క నిమిషం కళ్లు మూసుకుని ఉంటే నీదేం పోయేదని అరిచాను. పక్క ఫ్లాట్ తలుపు తెరుచుకుంది, మళ్లీ మూసుకుంది. ఇరవై ఏళ్లకు పైగా దాచుకున్నదంతా, కాఫీ చల్లారేదాకా అన్నాను. ఆయన ఏరడం ఆపలేదు. నేను లోపలికి పోబోతుంటే మాత్రం పిలిచాడు.

"చెప్పింది తప్పు కాదు మ్మా. తప్పు అంతకుముందే చేసినా" అన్నాడు.

నేను ఆగాను. కుండీ వైపు చూస్తూనే చెప్పాడు. "నీ బాల్ వచ్చి పడినప్పుడు నేను ఆడనే ఉన్నా. ఆకు నాకే ముందు కనపడింది. మీరు నడిచొచ్చేదానికి శానా సేపు ఉండె. ఇంగొకరి బాల్ అయ్యుంటే తీసేసుంటి, దినామూ చేసే పనే గదా, వాళ్లకు తప్పు రాదని నువ్వే చదివి చెప్పినావు. నీది అని తెలిసి తీయలేదు."

ఎందుకన్నాను.

"కూతురికని తీసినట్లుంటాదని." ఇంకో ఆకు కవర్లో వేసి, "నువ్వు వంగుతావని కూడా తెలుసు. ఏరేది నేర్పించింది నేనే గదా" అన్నాడు.

అంటే అమ్మ అన్నది నిజం. పరాయివాళ్ల బిడ్డ అయ్యుంటే నేను గెలిచేదాన్ని. ఇన్నేళ్లుగా నేను కోపం పెట్టుకున్నది టేబుల్ దగ్గర జరిగినదాని మీద, దాన్ని రూల్స్ పుస్తకంలోంచి కొట్టేశారు కూడా. అసలుది ఏ పుస్తకంలోనూ లేదు, ఎవరూ మార్చేదీ కాదు. ఆయన దాన్ని ఒక్కడే మోసుకుంటూ, మా ఇద్దరి చూపుల కింద తలొంచుకుని అన్నం తిన్నాడు. జాలి వేయలేదని అబద్ధం చెప్పను. కానీ జాలి కంటే కోపమే ఎక్కువ వచ్చింది, ఇంతకుముందు కంటే ఎక్కువ. ఇసుకను బాదినా శిక్ష లేదని గ్రేస్ చెప్పింది, మా తొమ్మిదో అంతస్తులో ఇసుక ఎక్కడిది. ఆయన కవరు ముడివేసి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేవబోయాడు. చూపు తగ్గింది కదా, చివరి కుండీలో ఎండిన ఆకు ఒకటి వదిలేశాడు. నేను తీయలేదు. పోయి ఆ కుండీ పక్కన, ఆయన చూసేదాకా నిలబడ్డాను.